కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళని ఖాళీ చేయించమని సంతకాలు పెడుతున్నారు, సెక్రటరీగా నేనేం చెయ్యాలి?

బెజవాడ_సెక్రటరీ

అందరికీ నమస్కారం. మాది విజయవాడలో ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఈ ఏడాది అసోసియేషన్ సెక్రటరీ బాధ్యత నాది. సంక్రాంతి వెళ్ళాక మూడో అంతస్తులోకి ఒక ముస్లిం కుటుంబం అద్దెకి దిగింది. భార్యాభర్తలు, స్కూలుకెళ్ళే ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. ఆయన మందుల హోల్‌సేల్‌లో పనిచేస్తారు. అగ్రిమెంటు రాసుకున్నారు, మెయింటెనెన్స్ ఐదో తారీఖులోపే కట్టేస్తున్నారు. ఓనర్ డల్లాస్‌లో ఉంటాడు, ఆయనకి ఏ ఇబ్బందీ లేదు.

రంజాన్ మొదలైన వారంలోనే వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. తెల్లవారుజామున నాలుగింటికి చప్పుడు, సాయంత్రం ఇఫ్తార్‌కి బంధువులొస్తే గుమ్మం ముందు చెప్పులు, వంట వాసన, "ఎప్పుడు చూసినా తలుపు మూసుకునే ఉంటారు, ఎవరితో కలవరు" అని ఒకరు, "ఎవరెవరో వచ్చి పోతున్నారు, మనకి సేఫ్టీ ఏది" అని ఇంకొకరు. వాళ్ళూ ఆ గ్రూపులోనే ఉన్నారు, తెలుగు శుభ్రంగా చదువుతారు. ఒక్క ముక్క తిరిగి రాయలేదు. ఇప్పుడు ఏడు ఫ్లాట్లవాళ్ళు సంతకాలు చేసి, ఖాళీ చేయించమని ఓనర్‌కి అసోసియేషన్ పేరు మీద ఉత్తరం పంపమని నా చేతికిచ్చారు. నాకు ఆ ఉత్తరం పంపే ఉద్దేశం లేదు. కానీ వద్దని ఊరుకుంటే మిగిలినవాళ్ళు ఆ కుటుంబం మీద ఇంకా కక్ష పెంచుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది చూసినవాళ్ళు చెప్పండి.

పటమట_రాణి

తమ్ముడూ, ముందు ఆ ఫిర్యాదుల్ని విడగొట్టు. చప్పుడు, చెప్పులు రెండూ అడిగితే సర్దుకునే విషయాలు. "కలవరు", "ఎవరెవరో వస్తున్నారు", ఈ రెండూ ఫిర్యాదులు కావు, అనుమానాలు. వాటికి రూలు పుస్తకంలో మందు లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిదేళ్ళు ట్రెజరర్‌గా ఉన్నాను, నేను చూసినంతలో తలుపు కొట్టి చెప్పాల్సిన మాట గ్రూపులో పెట్టినప్పుడే సగం గొడవలు పుడతాయి. గుమ్మంలో నిలబడి "అమ్మా, పొద్దున కుర్చీ లాగిన చప్పుడు కిందకి వినబడుతోంది" అంటే అది ఇద్దరి మధ్య చిన్న మాట. అదే గ్రూపులో రాస్తే ఇరవై ఇళ్ళ ముందు నిలబెట్టి అడిగినట్టు. ఇంతమందిలో ఒక్కరైనా వాళ్ళ తలుపు కొట్టారా? ముందు అది కనుక్కో.

సత్యం_సత్యనారాయణపురం

ప్రతిదానికీ మతం అంటగట్టకండి. మా పైన కూడా ఒక కుటుంబం ఉంది, వాళ్ళు హిందువులే, వాళ్ళ పిల్లాడి క్రికెట్ గురించి నేను గ్రూపులో పదిసార్లు రాశాను. మా అమ్మగారికి గుండె జబ్బు, రాత్రి రెండింటికి గానీ నిద్ర పట్టదు, నాలుగింటికి లేస్తే ఆ రోజంతా మనిషి మనిషిలా ఉండదు. అలాంటి ఇంట్లో ఉన్నవాడికి తెలుస్తుంది ఆ బాధ. కంప్లైంట్ చేసినవాళ్ళందరూ చెడ్డవాళ్ళని ముందే తేల్చేసి మాట్లాడటం కూడా అన్యాయమే కదా.

పటమట_రాణి

మీ అమ్మగారి విషయంలో మీరు చెప్పింది నూటికి నూరు శాతం నిజం. కానీ పైవాళ్ళ పిల్లాడి క్రికెట్ గురించి రాసినప్పుడు, వాళ్ళని ఖాళీ చేయించమని సంతకాలు సేకరించారా? నేనడిగేది ఆ ఒక్క తేడా గురించే.

షేక్_ఒంగోలు

ఈ పోస్టు చదివి రెండు రోజులుగా రాయాలా వద్దా అనుకుంటున్నా. "తలుపు మూసుకునే ఉంటారు" అన్నదాని గురించి ఒక మాట చెప్పాలి.

మేం గుంటూరులో అద్దెకున్నప్పుడు పక్కింటావిడ వాసన అని ఓనర్‌కి చెప్పింది. ఆ రోజు మా ఇంట్లో వండింది వంకాయ కూర. అప్పట్నుంచి మా అమ్మ వంటింటి కిటికీ తెరవలేదు, వీధి తలుపు తెరవలేదు, పిల్లల్ని మెట్ల మీద ఆడనివ్వలేదు, మా వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాకూడదు, ఇల్లు పోకూడదు అన్నదొక్కటే ఆమె భయం. ఆర్నెల్ల తర్వాత అదే ఆవిడ "వీళ్ళు ఎవరితో కలవరు" అంది. భయపడి తలుపు మూసుకుంటే పొగరనుకున్నారు, పొగరనుకుని దూరం జరిగితే మాకు ఇంకా భయమేసింది. ఇది ఎక్కడ మొదలైందో తర్వాత ఎవరికీ గుర్తుండదు. అన్నా, మీ మూడో అంతస్తువాళ్ళు గ్రూపులో ఒక్క ముక్క రాయలేదన్నారు చూడండి, అది చదవలేదని కాదు. ఆ ఇంట్లో ఆ మెసేజ్‌లు ఒకటికి నాలుగుసార్లు చదివి ఉంటారు.

సహరీ, అంటే ఉపవాసం మొదలయ్యేముందు తినే తిండి, దాని గురించి కూడా. తెల్లారకముందే తినడం ఆపేయాలి కాబట్టి నాలుగింటికి లేవక తప్పదు. అయితే నెల రోజులే. చప్పుడు తగ్గించుకోమంటే ఎవరూ కాదనరు, మాకూ అది మర్యాదే. కానీ "మీరు లేవొద్దు" అన్నట్టు అడిగితే ఏం చెప్పాలో తెలియదు.

తెనాలి_టీచర్

షేక్ గారూ, మీరు రాసింది చదివితే మా ఇల్లు గుర్తొచ్చింది. మేం ఎస్సీ. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఇల్లు చూడటానికి వెళితే గదులు చూపించి, కొళాయి తిప్పి చూపించి, అద్దె మాట్లాడుకున్నాక గుమ్మం దగ్గర "ఇంతకీ మీరేమిట్లండీ?" అని అడిగేవాళ్ళు. చెప్పాక "మా అబ్బాయిని అడిగి ఫోన్ చేస్తాం" అనేవాళ్ళు. ఆ ఫోన్ వచ్చేది కాదు. చివరికి ఒక పెద్దాయన ఏమీ అడక్కుండా ఇచ్చారు, ఆ ఇంట్లో ఆరేళ్ళున్నాం, ఆ పెద్దమ్మ ఇప్పటికీ ఊరగాయలు పంపిస్తుంది.

కానీ ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇలాంటి చోట్ల అందరూ "వాళ్ళు ఎంత మంచివాళ్ళో చూడండి, పండక్కి బిర్యానీ పంపారు, షీర్ ఖుర్మా పంపారు" అని చెప్తుంటారు. ఆ బిర్యానీ పంపకపోతే ఉండే హక్కు లేదా? ముభావంగా ఉండే మనిషి, ఎవరింటికీ వెళ్ళని మనిషి, అద్దె కట్టి తన బతుకు తను బతికే మనిషి మీ అపార్ట్‌మెంట్‌లో ఎంతమంది లేరు? వాళ్ళనెవరూ మంచితనం నిరూపించుకోమని అడగరు. కొత్తగా వచ్చినవాడు, అందులో మాలాంటివాళ్ళు, మొదటి రోజు నుంచీ పరీక్ష రాస్తూనే ఉండాలి. సెక్రటరీ గారూ, స్నేహం కుదిరితే సంతోషం, కుదరకపోయినా వాళ్ళు అక్కడ ఉండొచ్చు. ఈ రెండూ కలిపెయ్యకండి.

కర్నూలు_వకీలు

చట్టం సంగతి నేను చెప్తా. ఒక కిరాయిదారుని ఖాళీ చేయించే అధికారం అసోసియేషన్‌కి లేదు. అది ఓనరుకీ ఆయనకీ మధ్య అగ్రిమెంటు విషయం, చేయించాలన్నా ఓనరే చట్టప్రకారం వెళ్ళాలి. నీళ్ళు ఆపడం, లిఫ్టు ఆపడం, వాచ్‌మన్‌ని పని చెయ్యొద్దనడం ఇలాంటివి ఎవరైనా మొదలుపెడితే పోలీసు కేసు దాకా పోతుంది, ముందే చెప్పండి.

మీడియాలో అప్పుడప్పుడు వచ్చే ఒక తీర్పు పట్టుకుని కొందరు వాదిస్తారు కాబట్టి అదీ చెప్తున్నా. 2005లో అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం పార్సీలకే అని పెట్టుకున్న నియమాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. అది తన నియమావళిలో మొదట్నుంచీ ఆ షరతు రాసుకున్న కోఆపరేటివ్ సొసైటీ. బిల్డర్ దగ్గర తలా ఒక ఫ్లాట్ కొనుక్కున్న అపార్ట్‌మెంట్‌కి దాంతో పోలిక లేదు. రాజ్యాంగం 15వ అధికరణలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువుల ప్రస్తావన ఉంది గానీ ప్రైవేటు అద్దె ఇళ్ళ మాట నేరుగా లేదు, ఈ వెలితి నిజమే.

టీచర్ గారు చెప్పిన విషయంలో మాత్రం చట్టం స్పష్టంగా ఉంది. అంటరానితనం పేరుతో ఒక మనిషిని ఏ వీధిలోనైనా ఇల్లు కట్టుకోకుండా, కొనుక్కోకుండా, ఉండకుండా అడ్డుకోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ కింద నేరం. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణతో సాంఘిక బహిష్కరణ కూడా అందులో చేరింది. "అబ్బాయిని అడిగి చెప్తాం" అన్నవాళ్ళ మీద రుజువు ఎలా తేవాలన్నదే కష్టం.

కడపోడు

మా కడపలో ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు, వెంకటేశ్వరస్వామి పెళ్ళాడిన బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని. నెల్లూరులో రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో దిగి రొట్టె పట్టుకునేవాళ్ళలో హిందువులు ఎంతమందో చూసే ఉంటారు. మా అనంతపురం చుట్టాలు మొహర్రానికి గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి పోకుండా ఏ ఏడాదీ ఉండరు. ఇవన్నీ నిజం, నాకు గర్వం కూడా. కానీ అదే చుట్టాలు పైపోర్షన్ అద్దెకి ఇచ్చేటప్పుడు "మావోళ్ళకే" అంటారు. పండగ నాడు భుజం భుజం రాసుకుని నిలబడతాం, మూడొందల అరవై రోజులు ఒకే మెట్లు ఎక్కడానికి మాత్రం ఒప్పుకోం. దీన్ని నేను ఇంట్లో అడిగితే ఎవరూ జవాబు చెప్పరు.

బెజవాడ_సెక్రటరీ

అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం తలుపు కొట్టాను. ఒక్కణ్ణే వెళ్ళాను, కమిటీ అంతా వెళితే పంచాయితీలా ఉంటుందని. రాణక్క అడిగినదానికి జవాబు: అంతకుముందు ఎవరూ వెళ్ళలేదు.

పెద్దావిడ కూర్చోమని మంచినీళ్ళు ఇచ్చింది. సంగతి చెప్పాను. నాలుగింటి చప్పుడు ఏంటంటే, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేదు, అందుకని ఇనప కుర్చీ లాక్కుని కూర్చుంటుంది, ఆ కుర్చీ కాళ్ళకి రబ్బరు బుష్‌లు ఊడిపోయాయి. కింద పడుకునేవాళ్ళకి అది ఎలా వినిపిస్తుందో వాళ్ళకి తెలియదు, చెప్తే కదా తెలిసేది. మర్నాటికి బుష్‌లు వేయించారు, చెప్పులకి ఒక చిన్న స్టాండు లోపలే పెట్టుకున్నారు. ఐదు నిమిషాల పని. వచ్చేది ఆయన అక్క కుటుంబం, భవానీపురంలో ఉంటారు, వారానికి ఒకసారి ఇఫ్తార్‌కి వస్తారు.

ఆవిడే అడిగింది, "మేం ఖాళీ చెయ్యాలా బాబూ?" అని. కాదమ్మా అని చెప్పాను.

ఇంకో విషయం బయటపడింది. వాళ్ళు దిగిన కొత్తలో ఎదురు ఫ్లాట్‌వాళ్ళు సత్యనారాయణ వ్రతం చేసుకుని ప్రసాదం ఇస్తే, చిన్న పిల్ల తలుపు తీసి "మేం తినం ఆంటీ" అని లోపలికి వెళ్ళిపోయిందట. ఎదురింటావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆ కోపం ఇప్పటికీ ఉంది, సంతకాల్లో మొదటి సంతకం ఆవిడదే. దీన్ని ఎలా సరిచెయ్యాలి?

షేక్_ఒంగోలు

దేవుడికి నైవేద్యం పెట్టింది తినకూడదని మాలో కొన్ని ఇళ్ళలో గట్టిగా పాటిస్తారు, కొన్ని ఇళ్ళలో కళ్ళకద్దుకుని తింటారు, మా ఇంట్లోనే నాన్న తినడు, నేను తింటాను. చిన్నపిల్లకి ఆ మాట మర్యాదగా చెప్పడం రాలేదంతే. ఎదురింటావిడతో ఆ పిల్ల తల్లి ఒక్కసారి మాట్లాడితే చాలు. ఆ తల్లిని "ప్రసాదం కాకుండా అరటిపళ్ళో, పచ్చి కొబ్బరో ఇవ్వండక్కా, సంతోషంగా తీసుకుంటాం" అనమనండి. అవతలివైపు కూడా అంతే కదా, మేం పండక్కి ఏదైనా ఇస్తే మా గిన్నెలో వండింది తినని ఇళ్ళుంటాయి, వాళ్ళకి ఖర్జూరాలు, జీడిపప్పు ప్యాకెట్ ఇస్తాం. దాంట్లో అవమానం ఏమీ లేదు, కారణం తెలియనంతవరకే అవమానం.

సత్యం_సత్యనారాయణపురం

కుర్చీ బుష్‌ల సంగతి చదివాను. మంచి పని చేశారు. మా పైవాళ్ళకి కూడా నేను అలా వెళ్ళి చెప్పి చూస్తాను. అయినా ఒక మాట, కార్తీక మాసంలో మా ఇంట్లో ఆడవాళ్ళు నాలుగున్నరకే లేచి స్నానాలు చేసి దీపాలు పెడతారు, మోటారు వేస్తారు. ధనుర్మాసం నెలంతా తెల్లారగట్ల పాశురాలు. కిందవాళ్ళు ఎప్పుడూ ఏమీ అనలేదు. అది గుర్తొచ్చింది. రూలు పెడితే అందరికీ ఒకటే పెట్టండి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా స్పీకర్లు వద్దని ప్రభుత్వ నిబంధన ఎలాగూ ఉంది, వినాయక చవితి మండపానికి కూడా అదే వర్తించాలి.

మౌలాలి_అన్న

హైదరాబాద్‌ల మాకు ఉల్టా జరిగింది. మేమే పదిళ్ళ గల్లీల ఒక్క హిందూ ఇల్లు. మా నాన్నకు మొదట్ల భయం, పిల్లగాళ్ళను బయటికి పంపేటోడు కాదు. బోనాలకు అమ్మ బోనం ఎత్తుకుని పోతుంటే గల్లీ పిల్లగాళ్ళు బండ్లు పక్కకు తీసి దారి ఇచ్చిన్రు, అంతే, ఎవ్వరు ఏం చెప్పలే. గప్పటి నుంచి నాన్న అరుగు మీద కూసుంటుండు. పక్కింటోళ్ళ మీద భయం ఏ ఒక్క మతపోళ్ళ సొత్తు కాదు, ఎవరు తక్కువమంది ఉంటే వాళ్ళకు ఎక్కువుంటది.

సైకాలజీ_మేడమ్

ఈసారి ఉగాది, రంజాన్ పక్కపక్కనే వస్తున్నాయి కాబట్టి అందరూ కలిసి విందు పెట్టుకోమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వద్దనను. కానీ దానిమీదే ఆశ పెట్టుకోకండి.

1954లో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని ఓక్లహోమాలో ఒక వేసవి శిబిరంలో పదకొండేళ్ళ వయసున్న 22 మంది అబ్బాయిలని రెండు జట్లు చేశాడు. అందరూ ఒకే రకం కుటుంబాల పిల్లలే. పోటీలు పెట్టేసరికి కొద్ది రోజుల్లోనే ఒకరి జెండా ఒకరు తగలబెట్టుకునే దాకా వెళ్ళారు. తర్వాత వాళ్ళని కలపడానికి ముందు కలిపి భోజనం పెట్టారు, సినిమా చూపించారు. ఏమీ తగ్గలేదు, భోజనాల దగ్గర ఒకరిమీద ఒకరు తిండి విసురుకున్నారు. తగ్గింది ఎప్పుడంటే, శిబిరానికి నీళ్ళు ఆగిపోయి రెండు జట్లూ కలిసి ఎక్కడ అడ్డుపడిందో వెతకాల్సి వచ్చినప్పుడు, సరుకుల లారీ ఆగిపోతే అందరూ ఒకే తాడు పట్టుకుని లాగాల్సి వచ్చినప్పుడు. అదీ ఒక్కసారితో కాదు, అలాంటి పనులు వరసగా పడ్డాక.

అదే సంవత్సరం గార్డన్ ఆల్పోర్ట్ అనే ఆయన చెప్పింది కూడా ఇదే. రెండు వర్గాలు ఊరికే ఒకచోట ఉంటే దురభిప్రాయం పోదు, సమాన హోదాలో ఉండాలి, ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచెయ్యాలి, పైనున్న పెద్దలు దాన్ని బలపరచాలి. మీ అపార్ట్‌మెంట్‌లో ఆ పెద్ద మీరే సెక్రటరీ గారూ. ఆ ఉత్తరం విషయంలో మీరు నాన్చితే, పంపినా పంపకపోయినా, తప్పు లేదన్న సంకేతం అందరికీ వెళ్ళిపోతుంది. కాబట్టి స్పష్టంగా, మర్యాదగా, మీటింగులో కాదనండి.

సింగ్‌నగర్_వాసి

మేడమ్ చెప్పింది మా కళ్ళతో చూశాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు మాది గ్రౌండ్ ఫ్లోరు. తెల్లారేసరికి మంచం మునిగింది. పైన రెండో అంతస్తులో ఉన్నవాళ్ళతో అప్పటిదాకా మాకు మాటల్లేవు, పార్కింగు దగ్గర గొడవ, వాళ్ళ కులం మీద మా ఇంట్లో, మా కులం మీద వాళ్ళ ఇంట్లో అనుకోని మాట లేదు. ఆ రోజు వాళ్ళే కిందకి దిగి మా అమ్మని ఎత్తుకుని పైకి తీసుకెళ్ళారు. కరెంటు లేదు, పడవలో పాల ప్యాకెట్లు వస్తే పైనుంచి బకెట్ తాడుకట్టి దించి అందుకున్నాం, అన్ని ఇళ్ళకీ లెక్కపెట్టి పంచింది వాళ్ళ కోడలూ మా చెల్లీ కలిసి. నీళ్ళు తీశాక బురద కూడా కలిసే ఎత్తాం. అలాగని ఇప్పుడు మేమంతా ఒకే కుటుంబం అని చెప్పను, పార్కింగు గొడవ మొన్న మళ్ళీ వచ్చింది. కానీ ఇప్పుడు తిట్టుకున్నా పార్కింగు గురించే తిట్టుకుంటున్నాం, కులం ఎత్తట్లేదు.

వరద కోసం ఎదురుచూడక్కర్లేదు సెక్రటరీ గారూ, మీకు ఎండాకాలం ట్యాంకర్లు వస్తాయి కదా.

బెజవాడ_సెక్రటరీ

ఆదివారం సెల్లార్‌లో మీటింగు పెట్టాను, జరిగింది రాస్తున్నా.

మొదటి విషయంగా ఆ ఉత్తరమే తీసుకున్నాను. అసోసియేషన్‌కి ఆ అధికారం లేదని వకీలు గారు చెప్పినట్టే చెప్పాను, అధికారం ఉన్నా నేను సంతకం చెయ్యనని కూడా చెప్పాను, మతం చూసి మనిషిని ఖాళీ చేయించే కాగితం మీద ఈ అపార్ట్‌మెంట్ పేరు ఉండకూడదు అన్నాను. కాసేపు అరుపులు. ఒకాయన లేచి వెళ్ళిపోయారు, ఇప్పటికీ నాతో మాట్లాడట్లేదు. ఏడుగురిలో నలుగురు సంతకం వెనక్కి తీసుకున్నారు, ముగ్గురు తీసుకోలేదు. ఉత్తరం మాత్రం పోలేదు.

రెండోది, చప్పుడు రూలు. రాత్రి పది నుంచి ఆరు దాకా అందరికీ ఒకటే. పండగ నెలల్లో పొద్దున్నే లేచే ఇళ్ళు, ఏ మతమైనా, కిందింటివాళ్ళకి ముందు ఒక మాట చెప్పాలి. కంప్లైంట్ ఉంటే ముందు తలుపు కొట్టాలి, తర్వాత నాకు ఫోన్ చెయ్యాలి, గ్రూపులో ఎవరి ఫ్లాట్ నంబరూ రాయకూడదు. సత్యం గారి మాట తీసుకుని చవితి మండపం కూడా చేర్చాం, దానికి ఎక్కువ వ్యతిరేకత వస్తుందనుకున్నా, రాలేదు.

మూడోది ట్యాంకర్ డ్యూటీ. బోరు అప్పుడే ఎండిపోయింది, రోజు విడిచి రోజు ట్యాంకర్. వచ్చినప్పుడు పైపు సంపులో వేయించి, లెవెల్ చూసి, డబ్బులిచ్చి, రిజిస్టర్‌లో రాయడానికి రెండేసి ఫ్లాట్లని జత చేశాం. మూడో అంతస్తువాళ్ళకీ వాళ్ళ ఎదురు ఫ్లాట్‌కీ కలిపి వేశాను, కావాలనే వేశాను.

తెనాలి_టీచర్

మిగతావాళ్ళలాగే వాళ్ళకీ డ్యూటీ వేశారు చూడండి, అది నాకు అన్నిటికంటే నచ్చింది. ప్రసాదం సంగతి ఏమైంది?

బెజవాడ_సెక్రటరీ

ఆ పిల్ల తల్లి వెళ్ళి మాట్లాడిందట. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు. మొన్న ట్యాంకర్ వాడు పదకొండింటికి వస్తానని ఒంటిగంటకి వచ్చాడు, అంతసేపూ ఇద్దరూ సెల్లార్‌లో కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఎదురింటావిడ సంతకం వెనక్కి తీసుకోని ముగ్గురిలో ఒకరు, ఇంకా తీసుకోలేదు. కానీ రిజిస్టర్‌లో లెక్క ఇద్దరూ కలిసి రాశారు, వాడు ఐదు వేల లీటర్లకి డబ్బులు తీసుకుని నాలుగు వేలే పోస్తున్నాడని పట్టుకున్నది కూడా వాళ్ళిద్దరే.

పటమట_రాణి

ఆ ట్యాంకర్ వాడి సంగతి వేరే పోస్టులో వివరంగా రాయి తమ్ముడూ, మా అపార్ట్‌మెంట్‌లోనూ అదే అనుమానం ఉంది, సంపు లెవెల్ ఎలా కొలిచారో కూడా చెప్పు.